ఏజెన్సీ పేరు రాసిన పెద్దాయన

మా బేస్‌మెంట్‌లో అద్దెకుండిన పెద్దాయనకు సాయం రాదని ఉత్తరం వచ్చింది. పొరుగు దేశం వేసిన సుంకాల దెబ్బకు ఒషావా ఊళ్లో కార్ల సీట్లు కుట్టే ఫ్యాక్టరీ మూతపడితే, పని పోయినవాళ్లకు చట్టం చేసి ఇచ్చిన సాయం అది. తోటివాళ్ల ఫారాలన్నీ ఆయనే నింపారు. ప్రతి గడి మీదా వేలు పెట్టి, "ఉన్నదే రాద్దాం" అనేవారు. వాళ్లందరికీ సాయం వచ్చింది.

తన ఫారంలో మాత్రం యజమాని దగ్గర, పనికి పంపిన ఏజెన్సీ పేరు రాశారు. పదకొండేళ్లు ఆ ఫ్యాక్టరీలోనే కుట్టినా జీతమిచ్చింది ఏజెన్సీ. ఫ్యాక్టరీ నుంచి నేరుగా జీతం తీసుకున్నవాళ్లకే సాయమని చట్టం.

"ఫ్యాక్టరీ పేరు రాయొచ్చుగా అన్నగారూ!" అని కసిరాను.

"అబద్ధం రాయమంటావేమయ్యా, పేపర్లో వార్తలు రాసేవాడివై ఉండి?"

ఈ చట్టం రాసినవాళ్లు ఒక్క షిఫ్టయినా ఆ మిషన్ల దగ్గర నిలబడ్డారా? కుట్టిన చేతులెవరివో అడగడానికి ఆ ఫారంలో ఒక్క గడీ లేదు.

పని వెతుక్కుంటూ ఆయన బ్రాంప్టన్ వెళ్లిపోయారు. ఆయన పెట్టుకున్న అప్పీలుకు జవాబు మా ఇంటికే రావాలి. ఏడు నెలలైంది, రాలేదు.