మూడో ముద్ద

శుక్రవారం మధ్యాహ్నం మా తోడల్లుడు రాయచోటి నుంచి వీడియో కాల్ చేస్తాడు. ముందుగా ముఖం కాదు, పళ్లెం చూపిస్తాడు. అందులో రాగిసంగటి ముద్దలుంటాయి. "తిన్యావా అబ్బీ?" అని ఆయన అడిగేలోగా నేను వాటిని లెక్కపెట్టేస్తాను. ఈ సంగతి ఆయనకు తెలియదు. మా ఆవిడకు తెలుసు గానీ పైకి అనదు. సంసారాలు అలాగే నడుస్తాయి.

ఆయన మా ఆవిడ అక్క భర్త. కువైట్‌లో ఉన్న రోజుల్లో షుఐబా చమురు శుద్ధి కర్మాగారంలో ఓ కాంట్రాక్టు కంపెనీ తరఫున పైపులు బిగించేవాడు. కాపురం ఖైతాన్‌లో, నలుగురితో కలిసి ఒకే గదిలో. భార్యాపిల్లలు ఊళ్లో ఉండేవారు కనుక శుక్రవారం భోజనం ఇక్కడ మా ఇంట్లోనే. నేను బెజవాడ వాణ్ణి, ఇంజనీరును, ఎండ తగలకుండానే అలసిపోయే ఉద్యోగం నాది. పెళ్లయిన కొత్తలో అత్తారింట్లో సంగటిని నమలబోయి నలుగురిలో నవ్వులపాలయ్యాను. దాన్ని మింగాలట. ఆ తర్వాత నా కోసం మా ఇంట్లో ఎవరూ సంగటి కెలకలేదు. శుక్రవారం మాత్రం మా ఆవిడ పొద్దున్నే తెడ్డు అందుకునేది. ఫ్రీజర్‌లో వారమంతా రాయిలా పడి ఉన్న కోడి ఆ రోజు నాటుకోడిలా ప్రవర్తించేది. "ఇంగో ముద్ద ఏసుకో బావా" అనేటప్పటి ఆమె గొంతు, "ఇంకేమన్నా కావాలా" అని నన్ను అడిగే గొంతు ఒకటి కావు. ఆయన కళ్లు అరమోడ్చి మూడు ముద్దలు తినేవాడు. నేను పెరుగన్నం కలుపుకుంటూ వాటి జమాఖర్చు చూసేవాణ్ణి.

ఆయన మోకాళ్ల నొప్పుల విషయంలోనూ నాకు కొంత అభ్యంతరం ఉండేది. నడుంనొప్పి నాకూ ఉంది, కుర్చీ వల్ల వచ్చింది. కానీ దాన్ని ఎవరూ నొప్పిగా గుర్తించలేదు. ఆయన మోకాళ్ల కోసమైతే సెలవు మీద ఊరికి పోయొచ్చిన ప్రతివాడూ మందుల షాపు నుంచి మాత్రల డబ్బా పట్టుకొచ్చేవాడు. ఇక్కడ మనవాళ్లు ఆవకాయనూ నొప్పిమాత్రలనూ ఒకే సంచిలో తెస్తారు, ఒకేలా పంచుకుంటారు. ఆయన చీకటితో కంపెనీ బస్సెక్కే ముందు ఏమీ తినకుండా, పాలు లేని సులేమానీ టీతో ఒక మాత్ర వేసుకునేవాడు. నొప్పి మరీ ముదిరితే రెండు.

ఓ శుక్రవారం ఒక్క ముద్ద తిని చేయి కడగబోయాడు. అంతకుముందు వారం రెండే తిన్నాడని ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ప్రేమగా వడ్డించేవాళ్లు కడుపు నిండిందా అని అడుగుతారు గానీ లెక్కలు రాసుకోరు. "ఏం బావా, బాగల్యాదా?" అంది మా ఆవిడ. "బాగుంది మ్మే, కడుపు నిండిపాయ" అంటూ లేచినవాడు లేచినట్టే గోడ పట్టుకున్నాడు. ముఖం పాలిపోయింది, ఏసీ గదిలో నుదుట చెమట. ఆమె కంగారుగా నీళ్లు తెచ్చింది. "ఏం ల్యా, కండ్లు తిరిగినాయంతే. బుధవారం నుంచి దొడ్డికి నల్లంగా వచ్చాంది. సంగటి తినేటోనికి నల్లంగా కాకుంటే తెల్లంగా వచ్చాదా?" అని నవ్వాడు. ఆమె కుదుటపడింది. వాళ్ల వైపు అది తిరుగులేని శాస్త్రం.

నాకు మాత్రం ఆ బుధవారం ముల్లులా గుచ్చుకుంది. ఖైతాన్ గదిలో వారమంతా అన్నమే వండుకుంటారు. మరి బుధవారం సంగటి ఎక్కడిది? అంటే ఈయనకు కువైట్‌లో మా ఇల్లు కాక మరో ఇల్లు కూడా ఉందన్నమాట. ఆయన మీద కుళ్లుకునే అవకాశం ఇంకెవరికో కూడా దక్కిందన్నమాట. "అన్నా, బుధవారం ఎవరింట్లో తిన్నావు సంగటి?" అని నిలదీశాను. నా గొంతులో ఆయన ఆరోగ్యం గురించిన చింత ఏ మాత్రమూ లేదు.

ఆయన నాకేసి వింతగా చూశాడు. "యాడ తింటా అబ్బీ? మీ ఇంట్లో తప్ప ఈ దేశంలో నాకు సంగటి ఎవురు పెడ్తారు?"

మా ఆవిడ నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "మల్ల నలుపు యాడిది బావా?"

జవాబు కోసం ఆగకుండా కారు తాళాలు తీసుకున్నాను. ఆసుపత్రి అత్యవసర విభాగంలో హైదరాబాద్ డాక్టరమ్మ ఒకావిడ దొరికింది. నాడి చూసి, బీపీ చూసి, ఆయన రాగుల సిద్ధాంతాన్ని ఓపిగ్గా విన్నది. "రాగులు తింటే జర నల్లగైతది, నిజమే. కానీ తారు లెక్క అతుక్కొని, గంత వాసనొస్తదా?" అంది. షుఐబా మనిషికి తారు గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఆయన తల దించుకున్నాడు. పైన కడుపులో కారిన రక్తం పేగుల్లో దిగేసరికి అలా నల్లబడుతుందట. సెలైన్ పెట్టారు, రక్తం ఎక్కించారు, యాసిడ్ తగ్గించే మందు నరంలోకి వదిలారు. మర్నాటికల్లా నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూస్తే, చిన్నపేగు మొదట్లో పుండు, ఆ పుండులో కారుతున్న రక్తనాళం. ఇంజెక్షన్ ఇచ్చి చిన్న క్లిప్పు బిగించారు. బతుకంతా ఊరివాళ్ల లీకులు బిగించిన మనిషి, తన లీకు దగ్గరకొచ్చేసరికి సంగటి మీద తోసేశాడు. పరగడుపు మాత్రలు కొంత, కడుపులో కాపురమున్న బ్యాక్టీరియా కొంత కలిసి చేసిన పని అది. యాంటీబయాటిక్ కోర్సు రాశారు. మాత్రల డబ్బాలు ఖలాస్.

"ఇంకో రెండు దినాలు ఆగుంటే మనిషి దక్కకపోతుండె. మీరెట్ల పసిగట్టిన్రు?" అని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి అడిగింది. "గమనిస్తూంటాను" అన్నాను. అబద్ధమైతే కాదు. ఎక్కించిన రక్తానికి బదులు నేను బ్లడ్ బ్యాంకులో నా రక్తం ఇచ్చాను, నాకో జ్యూస్ ప్యాకెట్ చేతిలో పెట్టారు. తిరిగి వచ్చేసరికి వార్డులో ఆయన మంచం పక్కన మా ఆవిడ తెచ్చిన ఫ్లాస్కు, అందులో పల్చటి జావ. ఆయన ఫోన్‌లో మా వదినతో చెబుతున్నాడు: "సొంత తమ్ముడైనా ఇంత కనిపెట్టి సూడడు మే." కనిపెట్టి చూసిన మాట వాస్తవమే కనుక నేను సవరించలేదు.

తర్వాత కొన్నేళ్లకు ఆయన ఇక్కడి నివాస పర్మిట్, అదే ఇఖామా, రద్దు చేయించుకుని ఊరికి వెళ్లిపోయాడు. మా తెడ్డు అలమర మీదికెక్కింది. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు నాకూ వచ్చాయి. మాత్రల డబ్బా నాకెవరూ తేరు, తెచ్చినా మా ఆవిడ గుమ్మం దాటనివ్వదు. కాలం మా ఇద్దరి జుట్టూ ఊడబెరికింది, ఆయన్ని సముద్రానికి అవతల పడేసింది, శుక్రవారాన్ని మామూలు సెలవురోజు చేసింది. ఆ పళ్లెం వైపు చూసే నా చూపు జోలికి మాత్రం రాలేదు. మూడో ముద్ద కనబడేదాకా నాకు పెరుగన్నం దిగదు. కనబడ్డాక, ఎప్పటిలాగే, ఒళ్లు మండుతుంది.