ఏడుకీ ఎనిమిదికీ మధ్య మచ్చ

చుక్కలత్త బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఫ్యాను తిరగ్గా చూసినవాళ్లు తక్కువ. ఎండలు మండిపోతున్నా కిటికీలు బిడాయించి, గుమ్మానికి తడి తువ్వాలు వేలాడదీసి, నేల మీద నీళ్లు చిలకరించి మరీ పనికి కూర్చునేది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఉక్కకు అల్లాడిపోతుంటే, "కాసేపు ఓర్చుకోండి, డయలు ఆరుతోంది. ఒక్క నలుసు పడిందంటే పని మళ్లీ మొదటికొస్తుంది" అనేది.

"లోపల పసిపిల్లేదో నిద్రపోతున్నట్టు ఏమిటే నీ గోల!" అని వాళ్లు విసుక్కునేవాళ్లు.

పాత చేతివాచీలకు కొత్త మొహాలు చేసిపెట్టడం ఆవిడ పని. కంపెనీ ఎప్పుడో మూతపడి, లోపల యంత్రం మాత్రం నిక్షేపంగా ఉన్న వాచీలను షాపాయన తెచ్చి ఇచ్చేవాడు. వంటింటి పక్కగదిలో బల్ల ముందు కూర్చుని, పాడైన డయలు మీద పల్చటి కాగితం పరిచి, అంకెలూ గీతలూ ఉన్నవున్నట్టు దింపుకునేది. ఆ కాగితాన్ని నోటుపుస్తకంలో అంటించి, డయలును థిన్నరులో వేసి పాత రంగంతా ఊడ్చేసేది. కొత్త రేకు కోసుకోవచ్చు. కానీ రేకు వెనకాల యంత్రంలోకి దిగే రెండు సన్నటి కాళ్లుంటాయి. అవి వెంట్రుకవాసి పక్కకు జరిగినా డయలు సరిగ్గా కూర్చోదు. అందుకని పాత రేకునే రుద్ది, తెల్లరంగు పట్టించి, మళ్లీ అంకెలు వేసేది. చివర్న గంటగంటకీ ఒక చుక్క. అవి పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేది. ఆ పేరు అలా వచ్చిందే.

మచ్చ కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు. అదే కొంప ముంచింది.

ఆవిడ అన్న ముప్పై రెండేళ్లు బస్సు నడిపినవాడు. మొదటి జీతంతో కొనుక్కున్న నలుచదరపు వాచీ ఒకటి ఆయన చేతికుండేది. రెండేళ్లుగా ఆయనకు మతిమరుపు ముదురుతోంది. పేర్లు పోయాయి, మొహాలు పోతున్నాయి. వాచీ మాత్రం పోలేదు. దాన్ని చూసే తినేవాడు, దాన్ని చూసే మాత్రలు వేసుకునేవాడు, దాన్ని చూసే పడుకునేవాడు. అయితే డయలు పసుపుబారి అంకెలు అలుక్కుపోయాయి. ఒకరోజు టైము తప్పు చదువుకుని మాత్రలు రెండుసార్లు మింగాడు. వదిన ఆ మాట చెప్పగానే, "ఇంతేగా, వారంలో కొత్తది చేసిస్తా" అని చుక్కలత్త వాచీ పట్టుకెళ్లింది.

చేసింది కూడా. పాలనురగలాంటి తెలుపు, కాటుకలాంటి అంకెలు. గీతలుపడ్డ అద్దం కూడా మార్పించింది.

ఆయన అటూఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు. "బాగుందమ్మా. ఎవరిదిది? నాదేదీ?"

ఇక మొదలైంది. దిళ్ల కింద వెతికాడు, బియ్యం డబ్బాలో వెతికాడు. "నువ్వే దాచావు" అని భార్య మీద కలబడ్డాడు. నాలుగోనాడు తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. లారీలు దూసుకుపోయే పెద్ద రోడ్డు దాటి బస్సు డిపో గేటు దగ్గర నిలబడ్డాడు. పాత కండక్టరొకడు గుర్తుపట్టి తీసుకొచ్చాడు కాబట్టి సరిపోయింది.

వదిన కొత్త తాళంకప్ప తెచ్చి అలమర మీద పెట్టింది. "అందరూ బయట తాళం వెయ్యమంటున్నారు అమ్మాయ్. నలభై ఏళ్లు కాపురం చేస్తే చివరికి నాకు జైలరు ఉద్యోగమా?"

అన్న ఇన్నాళ్లూ గుర్తుపడుతున్నది అంకెల్ని కాదని చుక్కలత్తకు అప్పుడు తట్టింది. ఆ డయలు మీద గోధుమరంగు మచ్చ ఉండేది. వానలో టైరు మారుస్తుంటే లోపలికి నీరు దిగి పడ్డ మచ్చ. ఇంటికెళ్లి నోటుపుస్తకం తిరగేసింది. అంకెలున్నాయి, గీతలున్నాయి, చుక్కలున్నాయి. మచ్చ లేదు. ముప్పై ఏళ్లలో ఏ డయలు మచ్చనూ ఆవిడ దింపుకోలేదు మరి.

మర్నాడు వదినను అడిగింది.

"కింద, కుడివైపు, నాలుగు దగ్గర" అంది వదిన.

"కాదు, ఎడమవైపు. ఎనిమిది దగ్గరనుకుంటా."

"రోజూ పక్కన కూర్చుని చూసింది నేనా నువ్వా?"

"చిన్నప్పట్నుంచీ చూసింది నేను."

తగువు తెగలేదు. "అన్నయ్యా, నువ్వే చెప్పు, నీ వాచీ మీద మచ్చ ఎక్కడుండేది?" అని ఆయన్నే అడిగింది.

"ఎత్తుకుపోయినవాళ్లనడుగు" అన్నాడాయన కోపంగా.

మర్నాడు తెల్లవారగానే చుక్కలత్త బల్లసొరుగు గుమ్మరించి, పాత అద్దాలు వేసే డబ్బా తీసింది. అన్న వాచీ అద్దం దొరికింది. బస్సు తలుపుకు తగిలి పై కుడిమూల పెచ్చూడినది. ఆ పెచ్చు గుర్తుతో పైనాకిందా సరిచూసుకుని, కిటికీ తెరిచి వెలుగులో ఏటవాలుగా పట్టుకుంది. అద్దమంతా గీతలే. కింద ఎడమవైపు, ఏడుకీ ఎనిమిదికీ మధ్య మాత్రం గీతలు అరిగిపోయి, గోరంత మేర మసకబారి ఉంది. తుడిస్తే పోతుందన్నట్టు ఆ మచ్చ మీద బొటనవేలితో రుద్దడం అన్నకు అలవాటు. సిగ్నలు దగ్గర బస్సాగితే చాలు, రుద్దేవాడు. దాన్ని చూసి చుక్కలత్త చిన్నప్పుడు ఎన్నిసార్లు నవ్విందో! అద్దం మీద ఆ వేలు ముప్పై ఏళ్లు తిరిగింది.

చోటు తెలిసింది. చెయ్యడమే చేతకాలేదు. కుంచెతో పెడితే పెట్టినట్టే ఉంది. రెండుసార్లు కడిగేసింది. సంగతేమిటని షాపాయన అడిగితే చెప్పింది.

"ఇన్నేళ్లూ మరకలు తీసి బతికావు. ఇప్పుడు పెట్టడం నేర్చుకుంటున్నావా?" అని నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు.

నీళ్లు చేసిన మచ్చను నీళ్లే చెయ్యాలని చివరికి తోచింది. టీ డికాక్షన్లో సిరా కలిపి, ఒక్క బొట్టు వేసి వదిలేసింది. దానంతటది ఆరుతుంటే రంగు అంచుకు చేరింది. ఒక్కో బొట్టూ ఆరేసరికి ఒక పూట. అలా ఐదు బొట్లు. కిటికీ మూయలేదు, తడి తువ్వాలు కట్టలేదు. దుమ్ము పడితే పడనిమ్మంది. పాత అద్దాన్నే మళ్లీ బిగించింది. అంకెల్ని మాత్రం నల్లగానే ఉంచింది. మాత్రల భయం ఉంది కదా.

వాచీ చేతిలో పెడుతుంటే వదిన గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. అన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. వెలుగుకి తిప్పాడు. బొటనవేలు దానంతటదే వెళ్లి ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఆగింది. రుద్దాడు. మళ్లీ రుద్దాడు.

"పోదే ఇది!" అన్నాడు, మురిసిపోతూ. పట్టీ బిగించుకుని టైము చూశాడు. "పన్నెండున్నర. అన్నం పెట్టలేదేం ఇంకా?"

వదిన కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది. ఆయన చుక్కలత్త వైపు వంగి గొంతు తగ్గించాడు.

"దొరకబుచ్చుకొచ్చారు, చల్లగా ఉండండి. ఒక్కమాట చెబుతా వినండి. మా చెల్లెలొకతుంది, వాచీలు బాగుచేస్తుంది. మంచిదే, కానీ చెయ్యి ఊరుకోదు. మచ్చ కనబడితే కడిగేస్తుంది. దీన్ని దానికి మాత్రం ఇవ్వకండమ్మా."

చుక్కలత్త తన వేళ్లకేసి చూసుకుంది. గోళ్ల సందుల్లో సిరా ఇంకా వదల్లేదు.

"ఇవ్వనులెండి" అంది.