వెంకటేశులన్న టెంప్లేటులో ఏనుగు

మా వెంకటేశులన్న ఒకసారి రాసిన కోడును చచ్చినా చెరపడు. ఈ ఒక్క గుణంతో మదనపల్లె నుంచి కుప్పం దాకా నా పరువు గంగలో కలిపాడు.

ఆయనా నేనూ భాగస్తులం. మదనపల్లె టమాటా మార్కెట్ దారిలో, విత్తనాల కొట్టు మిద్దె మీద మా ఆఫీసు. తిరిగి పని పట్టుకొచ్చేది నేను, కూర్చుని ఆప్‌లు రాసేది ఆయన. ఈ కాలంలో ఏ ఆప్‌నూ ఎవరూ మొదటి అక్షరం నుంచి రాయరు. లాగిన్, ఫోన్ నంబరు, రసీదు లాంటివి ముందే ఒక టెంప్లేటుగా రాసిపెట్టుకుంటారు. కొత్త పని వస్తే దాన్ని కాపీ చేసి, అక్కర్లేనిది తీసేసి, కావలసింది చేరుస్తారు. లోకమంతా చేసేది ఇదే. మా అన్న మాత్రం చేర్చడం ఒక్కటే నేర్చుకున్నాడు.

ఆయన మొట్టమొదట రాసింది టమాటా మండీకి, క్రేట్లు లెక్కపెట్టే ఆప్. అదే టెంప్లేటు అయి కూర్చుంది. ఆ తర్వాత పుంగనూరులో ఒక డాక్టరు రోగుల టోకెన్లకు ఆప్ చేయించుకున్నాడు. మొదటి రోజే ఫోన్ చేసి నన్ను కడిగేశాడు.

"ఏమప్పా రాజేంద్రా, జొరమని వచ్చినోళ్లను మీ ఆప్ 'పచ్చా, దోరా, పండా' అని అడగతా ఉండాదే!"

"అది టమాటాలది సార్, పొరపాటున ఉండిపోయింది. ఎవరూ నొక్కరులెండి."

"నొక్కరా? ఒక ముసలామె 'పండు' నొక్కింది. నా వయసుకు తగినట్టు అడిగినారు అనింది!"

ఒళ్లు మండి మిద్దె ఎక్కాను. "అన్నా, ఆ పచ్చీ పండూ తీసెయ్!"

"ఉండనీలేప్పా. అదేమన్నా నిన్ను అన్నం అడగతా ఉండాదా?"

తర్వాత ఒక కల్యాణమండపం ఆప్ పెళ్లివారిని "ఎన్ని క్రేట్లు?" అని అడిగింది. పెళ్లికొడుకు తండ్రి బాగా ఆలోచించి ఒక అంకె కూడా వేశాడు. నేను మళ్లీ అరిచాను. మళ్లీ అదే అన్నం మాట!

అన్నిటికంటే ఘోరం ఏనుగు. రామకుప్పం వైపు అడవిలోంచి ఏనుగులు రాగి చేలల్లోకి దిగుతుంటాయి. ఎప్పుడో ఆ పల్లెలవాళ్లు అడిగితే అన్న ఎర్ర ఏనుగు బొమ్మతో ఒక బటన్ చేసి, కింద "ఏనుగు వచ్చింది" అని రాశాడట. అదీ టెంప్లేటులో చేరిపోయింది. అప్పటి నుంచి పాలకేంద్రం ఆప్‌లో ఏనుగు, కోళ్ల ఫారం ఆప్‌లో ఏనుగు. మదనపల్లె చీరల కొట్టు ఆప్‌లో అయితే పట్టు, నూలు, ఏనుగు! నేనేమని జవాబు చెప్పుకోవాలి?

ఇలా ఉండగా కుప్పంలో ఒక ప్రైవేటు బడి పని దొరికింది. అది నిలబడితే ఇంకో నాలుగు బళ్లు వస్తాయి, పోతే మేం ఆఫీసుకు తాళం వేసుకోవడమే. కరస్పాండెంట్ సుబ్రహ్మణ్యం గారు ఆప్ తెరిచి పైకి చదివారు.

"హాజరు, మార్కులు, ఏనుగు వచ్చింది. ఏమప్పా, ఇది ఇస్కూలా, జూపార్కా? వారంలోగా తీసేయకుంటే పని ఇంకొకరికి ఇచ్చేస్తా."

అన్నను అడిగాను, బతిమాలాను, అరిచాను. "ఏనుగు జోలికి మాత్రం పోవద్దప్పా" అని చెప్పి, ఆయన చుట్టాల పెళ్లికని పుంగనూరు వెళ్లిపోయాడు. నాకూ నాలుగు ముక్కలు కోడు వచ్చు. నేనే కూర్చుని బడి ఆప్‌లోంచి ఏనుగును తీసేశాను. పనిలో పనిగా టమాటాలనూ తుడిచేశాను. పీడ విరగడైందనుకున్నాను.

రెండు రోజుల తర్వాత సుబ్రహ్మణ్యం గారికి ఆ శుభ్రమైన ఆప్ చూపిస్తుంటే, రామకుప్పం దగ్గరి పల్లె నుంచి మునీశ్వరి అనే ఆవిడ వచ్చింది. వాళ్ల పాప ఆ బడిలోనే చదువుతోంది.

"సార్, ఆప్‌లో ఏనుగు యాడికి పోయింది?"

"తీయించేసినామమ్మా. దాంతో నీకేం పని?"

"ఏం పనా? ఏనుగు కనబడితే ఎవురో ఒకరు అది నొక్కుతారు. మా పక్క ఫోన్లన్నీ మోగతాయి. పాలోళ్లకు పాల ఆప్‌లో, కోళ్లోళ్లకు కోళ్ల ఆప్‌లో, మాకు ఇస్కూలు ఆప్‌లో. నిన్న సాయంత్రం అందరివీ మోగినాయి, నాది మోగలే. అప్పుడు నా బిడ్డ ఆ దావనే నడిచి వస్తా ఉన్నింది. పాలాయన అడ్డం పడి నిలిపినాడు కాబట్టి సరిపోయింది."

సుబ్రహ్మణ్యం గారు ల్యాప్‌టాప్‌ను నా వైపు తోశారు.

"ముందు దాన్ని పెట్టప్పా. హాజరు కంటే పైన పెట్టు."

పెట్టాను. బయటికొచ్చి, పెళ్లి బంతిలో కూర్చున్న అన్నకు ఫోన్ చేసి ఉన్న కోపమంతా కక్కాను.

"ఏనుగుకు విడిగా ఒక ఆప్ చేయొచ్చు కదన్నా! అందరి నెత్తినా ఎందుకు రుద్దావు?"

"ముందు అట్లనే చేసినానప్పా. ఏనుగు దినామూ రాదు గదా. నాలుగు వారాలు రాకపోతే ఫోన్‌లో జాగా లేదని తీసేసినారు. పాలు, కోళ్లు, పిల్లోళ్ల మార్కులైతే దినామూ సూస్తారు. అందుకని వాటిమీద ఎక్కించినా."

"మరి ఆ టమాటాలు? పచ్చీ, దోరా? అవి ఎవరిని కాపాడతాయి?"

"ఏనుగునే. చెత్తలో చెత్తగా ఉంటే నీ కంట పడదనుకున్నా."

"నాకొక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

"నువ్వు దానికి నెల నెలా చందా పెట్టుంటావు. ఉండప్పా, పాయసం వస్తాండాది" అని ఫోన్ పెట్టేశాడు.

నాకు మండిపోయింది. ఇన్నేళ్లు కలిసి పనిచేసిన భాగస్తుడి మీద ఇదా నమ్మకం? కుప్పం బస్టాండు దాకా తిట్టుకుంటూనే నడిచాను. నెల నెలా చందా పెట్టే ఆ విడి ఏనుగు ఆప్‌కు నేను అప్పటికే మనసులో పేరు కూడా పెట్టేశానని, పుంగనూరులో పాయసం తాగుతున్న మనిషికి ఎలా తెలిసిందో మాత్రం ఇప్పటికీ నాకు అర్థం కాదు.