ఆఖరి తువ్వాలు తీసినవాడే మోటారు ఆపాలి

బండ బరువు పద్దెనిమిది క్వింటాళ్లు. ఎద్దులు దాన్ని లాగే బాట పొడవు మూడు వందల అడుగులు. ఒక్కో జతకు ఇచ్చిన గడువు పదిహేను నిమిషాలు; ఆలోగా అటూ ఇటూ లాగిన దూరమంతా లెక్కకొస్తుంది. నీడలో వేడి నలభై ఒక్క డిగ్రీలు. ఆ నీడ మైదుకూరుకు నాలుగు కిలోమీటర్ల అవతల, కోత అయిపోయిన పొలంలో వేసిన షామియానాది గనుక దాన్ని నీడ అనడం మర్యాద కొద్దీ మాత్రమే. ఆ షామియానా కింద, మధ్యాహ్నం పన్నెండుకూ సాయంత్రం అయిదుకూ నడుమ, చదువుకున్న మనిషి ఒకే తప్పును రెండు వైపుల నుంచీ ఎలా చేయగలడో ఒక తిరునాళ్లంత జనం ముందు నిరూపించాను. పై అంకెలేవీ మీరు గుర్తుపెట్టుకోనక్కరలేదు. 3,788 అడుగుల 4 అంగుళాలు అన్న ఒక్కదాన్ని మాత్రం జేబులో వేసుకోండి. చివర్లో అడుగుతాను.

నా వృత్తి గ్రాఫిక్స్ కార్డులకు డ్రైవర్లు రాయడం. డ్రైవరంటే కంప్యూటరుకూ, అందులో బొమ్మలు గీసే కార్డుకూ నడుమ నిలబడి, ఎవరికేం కావాలో అడిగి చేయించే ప్రోగ్రాము. బొమ్మల పని వస్తే కార్డును పూర్తి బలానికి లేపాలి. పని లేకపోతే పొదుపులో పడుకోబెట్టాలి. చిక్కల్లా ఏమిటంటే, కార్డు ఒకటే, ఒకే సమయంలో దాని చేత పని చేయించుకునేవారు మాత్రం పలువురు. అప్పట్లో నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తూ, ఈ లేపడం, పడుకోబెట్టడం వ్యవహారానికి కొత్త కోడు రాశాను. సహోద్యోగులెవరూ దాన్ని ఇంకా పరిశీలించలేదు. పరిశీలించవలసినంత తప్పు అందులో ఉండగలదని నాకు తోచలేదు.

మా అక్క భర్త ఓబులేసు బావది మైదుకూరులో లైవు వీడియోల వ్యాపారం. ఒక కంప్యూటరు (అందులోదీ మా కంపెనీ కార్డే), రెండు కెమెరాలు, ఒక ఎల్‌ఈడీ తెర. ఆ బండలాగుడు పోటీ ఆయనకు దక్కిన మొదటి పెద్ద పని. కమిటీ పెద్ద తిరుపాలరెడ్డి ముందే తేల్చి చెప్పాడు.

"ఈ పొద్దు బాగా చూపించినావంటే ఈ ఏడు మన పక్క జరిగే పోటీలన్నీ నీకేనప్పా. బొమ్మ నిలబడిపోయిందంటే మాత్రం ఇంగ నాకు కనపడాకు."

తెరకూ మైకుకూ కంప్యూటరుకూ కలిపి ఉన్నది ఒకే జనరేటరు. దాన్ని నడిపే మస్తానన్న వచ్చి మొరపెట్టుకున్నాడు.

"మోయలేకుండాది ఓబులేసూ. జతకూ జతకూ నడుమ రవ్వంత ఊపిరి తీసుకుంటాండాది కాబట్టి బతికుండాది."

ఇలాంటి మాటలు నా చెవిన పడకూడదు. పడ్డాయి.

"అదెంత పని బావా! కార్డు తినే కరెంటు నేను తగ్గిస్తా."

"బాగా నడుస్తాండేదాన్ని కెలకాకు అబ్బీ."

"కెలకడం కాదు బావా, ఇది విజ్ఞానం."

అటు పక్క ఇంకో విన్నపం నడుస్తోంది. ఓర్వకల్లు నుంచి జత ఎద్దులను తోలుకొచ్చిన ఏసురత్నం, తిరుపాలరెడ్డి ముందు తలగుడ్డ చేత పట్టుకుని నిలబడ్డాడు. "రెడ్డీ, మా ఎద్దులు బిత్తరివి. మైకు కొంచెం తగ్గించమను. పోయినేడు ఆ గోలకే బండ కాడ నిలబడిపోయినాయి."

"గోల లేకుండా పోటీ యాడన్నా ఉంటాదా? నీ ఎద్దుల చెవుల్లో దూది పెట్టుకోపో."

పన్నెండు గంటలకు నా డ్రైవరు కంప్యూటరులోకి ఎక్కింది. ఇల్లు అలకగానే పండుగ కాదంటారు పెద్దలు. నేను అలికే గుడ్డ తడపకముందే పాయసం తాగి మూతి తుడుచుకున్నాను.

రెండో జత బండ లాగుతోంది. అప్పుడు కార్డు మీద రెండు పనులున్నాయి: తెరకూ జనం ఫోన్లకూ వెళ్లే లైవు ఒకటి, నెమ్మదిగా కదిలే రీప్లే తయారీ ఒకటి. రీప్లే పూర్తయింది. నా డ్రైవరు "పని ముగిసింది గదా" అనుకుని కార్డును పొదుపులో పడుకోబెట్టింది. లైవు ఇంకా నడుస్తోందా అని అది చూడలేదు. చూడమని నేను చెప్పలేదు మరి.

తెర మీద ఎద్దులు చెరో కాలు గాల్లోకి ఎత్తి, యోగాభ్యాసకుల్లా బిగుసుకుపోయాయి. బాట మీది ఎద్దులు అవతలి కొసకు చేరి, తిరిగి సగం దూరం వచ్చేదాకా తెర ఎద్దులు ఆ కాలు దించలేదు.

"ఏమప్పా ఓబులేసూ, ఎద్దులు ఆధారు ఫోటో దిగుతాండాయా?" అని ఒక గొంతు.

"ఉండప్పా, ఏలిముద్ర పడలేదేమో!" అని ఇంకో గొంతు.

తిరుపాలరెడ్డి మైకు అందుకుని, బావ పేరు ఒక్కసారే పలికాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పాఠకులారా, ఇక్కడ నా సిగ్గుకు ఇంకొంచెం లోతు ఉంది. వేంపల్లె దగ్గర మా ఊళ్లో మూడు కుటుంబాలకు కలిపి ఒకే బోరు. స్టార్టరు డబ్బా పక్కన ఒక మేకు. మడికి నీళ్లు మళ్లించుకున్నవాడు తన తువ్వాలు ఆ మేకుకు తగిలిస్తాడు. తడి అయిపోయాక తన తువ్వాలు తీసుకుని, మేకు వంక చూస్తాడు. ఇంకొకరి తువ్వాలు ఉంటే మోటారు జోలికి పోడు. ఆఖరి తువ్వాలు తీసినవాడే మోటారు ఆపుతాడు. ఇది నాకు అక్షరాలకంటే ముందు వచ్చిన విద్య. ఇంజనీరింగు నాలుగేళ్లు చదివి, జీతం తీసుకుంటూ, మేకు వంక చూడకుండా మోటారు ఆపే డ్రైవరును రాశాను.

"పాత డ్రైవరు ఎక్కించు," అన్నాడు బావ.

"బావా, తప్పు దొరికింది. మన బోరు తువ్వాళ్ల లెక్కే. రెండు వరుసలు రాస్తే చాలు."

"నీ కాళ్లు మొక్కుతా, పాతది ఎక్కించు."

"బావమరిది మీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

"బామ్మర్దివని గదా ఇంకా కొట్టకుండా ఉండాను!"

భోజనాల విరామంలో రెండు వరుసలు రాశాను. పని మొదలుపెట్టిన ప్రతి ప్రోగ్రామూ ఒక తువ్వాలు తగిలించాలి. ముగించి వెళ్లేటప్పుడు తీసుకోవాలి. మేకు ఖాళీ అయినప్పుడే కార్డుకు పొదుపు. పరీక్షించాను. బొమ్మ నీళ్లలా పారింది. బావ నా వీపు తట్టాడు. ఆ తట్టు కాస్త గట్టిగానే ఉంది గాని, దాన్ని మెప్పుగా స్వీకరించాను.

నాకు తెలియనిది ఓబులేసు బావ స్వభావం. ఆ రీప్లే ప్రోగ్రాము పద్ధతిగా మూసుకోవడానికి నాలుగు సెకన్లు తీసుకుంటుంది. బావకు అంత ఓపిక ఉండదు. రీప్లే అయిపోగానే దాని మెడ నొక్కి, ఉన్నపళంగా చంపేస్తాడు. మళ్లీ కావలసినప్పుడు కొత్తగా తెరుస్తాడు. చచ్చినవాడు లేచివచ్చి తన తువ్వాలు తీసుకోడు. అలా సాయంత్రానికి నా మేకుకు తొమ్మిది ప్రేతాల తువ్వాళ్లు వేలాడాయి. జతకూ జతకూ నడుమ లైవు ఆపినా, కార్డు మాత్రం ఆ తొమ్మిది మంది కోసం పూర్తి బలంతో గాలి పీలుస్తూ, మంట కక్కుతూ కూర్చుంది. దాని ఫ్యాను మోతకు, ఎవరో వడ్లు తూర్పారబడుతున్నారనుకున్నాను.

అంతలో తిరుపాలరెడ్డి సొంత జత దిగి, 3,701 అడుగులు లాగి మొదటి స్థానంలో నిలిచింది. మైకు చించుకుంది. రెడ్డి మీసం కొస తిప్పుతుండగా బొమ్మ చక్కగా, కదలికతో సహా లోకమంతా వెళ్లింది. ఇక మిగిలింది ఏసురత్నం జత ఒక్కటే.

మస్తానన్న పరుగెత్తుకొచ్చాడు. "ఏమప్పా, నా జనరేటరుకు ఊపిరి ఆడకుండాది! నడుమ నడుమ తగ్గాల్సిన కరెంటు తగ్గకుండాదే! ఏం చేస్తాండారు ఈడ?"

నేను తొమ్మిది తువ్వాళ్లనూ అప్పుడే చూశాను. నోరు తెరిచాను. ఏసురత్నం ఎద్దులు మైకు మోతకు బెదిరి, బండ దగ్గర కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాయి. ఒక నిమిషం అలాగే గడిచింది. అప్పుడు జనరేటరు ముసలాయన దగ్గులాంటి దగ్గు ఒకటి దగ్గి, ఆగిపోయింది.

తెర పోయింది. లైవు పోయింది. మైకు పోయింది.

ఆ నిశ్శబ్దంలో ఏసురత్నం తన ఎద్దులను నాలుకతో మెల్లగా అదిలించడం మా దాకా వినిపించింది. ఎద్దులు చెవులు దించాయి. బండ కదిలింది. కదిలిన బండ ఇక ఆగలేదు. గడియారం, టేపు పట్టుకున్న కమిటీ మనుషులకు కరెంటుతో పని లేదు. కొలిచి, నోటితోనే అరిచి చెప్పారు: 3,788 అడుగుల 4 అంగుళాలు.

"దేవుడే మైకు ఆపినాడప్పా!" అని ఏసురత్నం చేతులెత్తాడు.

"దేవుడు కాదన్నా," అన్నాడు బావ, ఏడుపు దిగమింగుకుంటూ. "మా బామ్మర్ది."

ఏసురత్నం నన్ను ఎగాదిగా చూశాడు. "అట్లయితే ఈ అబ్బిని నాతో పంపించు. యాడ పోటీ ఉంటే ఆడికి తోడుకోని పోతా. కూడు నేనే పెడతా."

అప్పుడు తిరుపాలరెడ్డి నుంచి పిలుపు వచ్చింది. బావ ముందు, నేను బావ నీడలో వెళ్లాం. రెడ్డి చేతిలో ఫోను మోగుతూనే ఉంది.

"ఓబులేసూ, ప్రొద్దుటూరు నుంచి మా బావ చేసినాడు. ఆళ్లగడ్డ నుంచి మా వియ్యంకుడు చేసినాడు. ఫస్టు మీ జతేనంట గదా, లైవులో చూసినాం అంటాండారు. నా జత కాడికే గదా లైవు ఆగిపోయింది?"

"అవునన్నా," అన్నాడు బావ.

"నేనైతే కాదనలేదు. అబద్ధం నేనెప్పుడూ చెప్పలేదప్పా, ఊరికే ఉండాను." ఆయన మీసం మళ్లీ పైకి లేచింది. "ఈ ఏడు పోటీలన్నీ నువ్వే చెయ్యి. శానా బాగా చూపించినావు."

బయటకు వచ్చాక బావ నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. కౌగిలించుకుంటాడనుకున్నాను.

"ఏసురత్నం ఎద్దులు ఎంత దూరం లాగినాయి?"

మీరు జేబులో వేసుకున్న అంకెను చెప్పాను.

"నా కంప్యూటరుకు అంత దూరంలో ఉండు. అంగుళాలతో సహా."

అందుచేత, స్టార్టరు డబ్బా సాక్షిగా, దాని పక్క మేకు సాక్షిగా, తొమ్మిది ప్రేతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: పరిశీలన ముగియని డ్రైవరును ఎద్దులున్న చోట ఎక్కించను. మేకు వంక చూడకుండా మోటారు ఆపను. తువ్వాలు కనబడితే, దాని యజమాని బతికున్నాడో లేడో కనుక్కోనిదే నమ్మను.

తుది లెక్క. కాలిన జనరేటరు తీగచుట్ట ఒకటి. మస్తానన్నకు గాలి విసరబోయి జనరేటరు నూనె పాలైన నా తువ్వాలు ఒకటి. నాతో మాట్లాడటం మానిన బావ ఒకరు. కంపెనీ డ్రైవరులో చేరిన వరుసలు నాలుగు: తువ్వాళ్లకు రెండు, ప్రేతాలకు రెండు. ఆ రోజు నా పనిని మనసారా మెచ్చినవారు ముగ్గురు. వారిలో ఇద్దరికి కొమ్ములున్నాయి.