గంటా పావులో బెంగళూరు

ఇది అప్పుడే రాయవలసింది. అక్షరాలు రావు కాబట్టి రాయలేదు. పని మానేశాక వయోజనుల బడిలో నేర్చుకున్నాను. ఆలస్యం వల్ల ఒక మేలు జరిగింది, అప్పటి కోపం తగ్గింది.

కరోనా తర్వాత ఆఫీసులు మళ్లీ తెరిచిన వానాకాలంలో నన్ను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా వేశారు. మేము కంపెనీ మనుషులం కాము, కాంట్రాక్టరు మనుషులం. ఆ ఆఫీసును ఎత్తేసి బెంగళూరులో కలపాలన్న ఆలోచన అప్పుడు నడుస్తోంది. కలిపితే ఇంజనీర్లు అక్కడికి మారతారు. ఊడ్చేవాళ్లను ఎవరూ మార్చరు.

కరెంటు నుంచి కాఫీ మెషిన్ దాకా చూసుకునే అడ్మిన్ మేనేజర్‌కు అక్కడ పోస్టు ఖాయమైంది. కలపడమే మేలని ఆయన వాదన.

"అసలు దూరమే లేదండి సత్తెమ్మగారూ. ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకు నాలుగువందల యాభై కిలోమీటర్లు. గంటా పావు," అన్నారు. విమానం ఇక్కడ గేటు వదిలినప్పటి నుంచి అక్కడ గేటు చేరేదాకా పట్టే సమయం అది. టికెట్లు చూసేవాళ్లు దాన్ని బ్లాక్ టైం అంటారు.

మా ఊడ్చేవాళ్లలో యాదమ్మ నోరు ఊరుకోదు. "హఫీజ్‌పేట్ కెళ్లి ఇక్కడికి రానీకె నాకే గంట పడ్తది సార్. గా ఇమానం జర మా గల్లీల ఆపమనుండ్రి," అంది. హఫీజ్‌పేట్ మా ఆఫీసుకు పట్టుమని పది కిలోమీటర్లు ఉండదు.

తేల్చడానికి బెంగళూరు నుంచి పెద్దసారే వస్తున్నారన్నారు. పొద్దున రాక, సాయంత్రం తిరుగు విమానం. పెద్దవాళ్లు వస్తే లాబీలో హారతి ఇచ్చి బొట్టు పెట్టడం ఆనవాయితీ, అది హౌస్‌కీపింగ్ ఆడవాళ్ల పని. మా కొలువులు తీసేయడానికి వచ్చే మనిషి కోసం మేమే పట్టుచీరలు కట్టుకుని పళ్లెంతో నిలబడ్డాం. విమానం దిగిందని ఫోను రాగానే మేనేజర్ కర్పూరం వెలిగించమన్నారు.

బయట వాన. గచ్చిబౌలి దగ్గర రోడ్డంతా నీళ్లు. వెలిగించిందల్లా ఆరిపోతోంది. ఒక డబ్బా అయిపోయి రెండోది తెరిచాం.

"అక్కా, హారతి ఆయనకిస్తున్నమా, మన కొలువులకా?" అంది యాదమ్మ.

భోజనాల వేళ దాటాక పెద్దసారు వచ్చారు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి. అనంతపురం మనిషి. హారతి వైపు చూడను కూడా లేదు. "ముందు బాత్రూం యాడుందో చెప్పమ్మా," అన్నారు.

మీటింగులో నేను టీ అందిస్తుండగా మేనేజర్ తెర మీద మొదటి బొమ్మ వేశారు. రెండు ఊళ్లు, మధ్యలో ఒక విమానం. గంటా పావేనని చదివి వినిపించారు.

"నువ్వెప్పుడన్నా ఈ దోవన తిరిగినావా అబ్బా?" అన్నారు పెద్దసారు.

"లెక్క ప్రకారం అండి..."

"నీ లెక్క సరే. ఇప్పుడు లేస్తేనే నాకు సాయంత్రం ఫ్లైటు దొరికేది."

రెండో బొమ్మ పడకముందే ఆయన లేచారు. మిగతాది ఇంకోసారి వచ్చి చూస్తానన్నారు. ఆ ఇంకోసారికి తారీఖు కుదరనే లేదు. నేను పని మానేసేనాటికి ఆఫీసు అక్కడే ఉంది. మేనేజర్ ఒక్కరే బెంగళూరు మారారు. కుటుంబం కూకట్‌పల్లిలో ఉండటంతో వారం వారం వచ్చిపోతూ ప్రయాణాలతో నడుము పట్టేసిందని విన్నాను.

నాకు తెలిసింది ఇంతే. విమాన దూరం రెండు రన్‌వేల మధ్య దూరం. రన్‌వే మీద ఎవరూ కాపురం ఉండరు.

పెద్దసారు వెళ్లిన మర్నాడు పొద్దున, ఎలాగూ ఎత్తేసే ఆఫీసే కదా అని ఆపి ఉంచిన కొత్త మాప్‌లూ ఫినాయిలూ తెప్పించమని స్టోర్స్‌లో చెప్పాను. ఎందుకని ఎవరూ అడగలేదు.