ముప్పై నాలుగో నంబరు చెక్కబిళ్ళ

నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం అని నేను అనను. నమ్మాలి. ఎందుకంటే ఇది నాకు జరిగింది... ఎవరో చెప్పగా విన్నది కాదు, ఎక్కడో చదివింది అసలే కాదు. దయ్యాల పుస్తకాలు నేనెప్పుడూ ముట్టలేదు. హైదరాబాద్ కాటేదాన్‌లో లేత్ మిషను మీద పనిచేసిన రోజుల్లో షిఫ్టు అయిపోగానే నేరుగా గ్రంథాలయానికి పోయేవాణ్ని. జపనీస్ నేర్చుకున్నది కూడా అక్కడే, అట్ట ఊడిపోయిన ఒక పాత స్వబోధిని పట్టుకుని. ప్రతి వింతకూ ఒక కారణం ఉంటుందని, అది ఏదో ఒక బీరువాలో ఏదో ఒక పుస్తకంలో రాసి ఉంటుందని నా నమ్మకం. ఆరు రోజుల కిందటి వరకు.

రేపు రాత్రి నా తిరుగు ప్రయాణం. పోయేలోపు ఎవరికైనా చెప్పాలి. అందుకే చెబుతున్నాను.

రెండేళ్ళుగా జపాన్‌లో పనిచేస్తున్నాను. ఉత్తరాన, మంచు పడే ఒక చిన్న ఊరు. కార్లలో వాడే ఇనుప భాగాలు చేసే కార్ఖానా. వారమంతా మిషను. ఆదివారం బట్టలు ఉతుక్కోవడం, ఆ తర్వాత ఊరి లైబ్రరీ. ఒకేసారి పది పుస్తకాలు ఇస్తారు. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి ఇప్పుడు ఐదో తరగతి పిల్లలు చదివేవాటి దాకా వచ్చాను. వారానికి మూడు నాలుగు సాయంత్రాలు స్నానశాల.

ఆ స్నానశాల గురించి కొంచెం చెప్పాలి. మన దగ్గర చాయ్ హోటల్‌కు పోయినట్టు అక్కడివాళ్ళు డబ్బులిచ్చి స్నానానికి పోతారు. గుమ్మంలోనే బూట్లు విప్పి గోడకున్న చిన్న అరల్లో పెట్టాలి. ఒక్కో అరకు అరచేయంత చెక్కబిళ్ళ, దాని మీద నంబరు. బిళ్ళ లాగితే తాళం పడుతుంది. తిరిగి దూరిస్తే తెరుచుకుంటుంది. అంతే.

మొదటిరోజు నేను తువ్వాలు నడుముకు చుట్టుకుని లోపలికి పోయాను. లోపలున్న పదిమందీ నన్నే చూశారు. అక్కడ ఒంటి మీద గుడ్డ ఉన్నవాణ్ని నేనొక్కణ్నే. సిగ్గుతో చచ్చిపోతుంటే ఒక ముసలాయన చెయ్యి ఊపి పక్కన పీట చూపించాడు. ముందు పీట మీద కూర్చుని ఒళ్ళంతా రుద్దుకుని, ఆ తర్వాతే వేడినీళ్ళ తొట్టిలో దిగాలని సైగలతో చెప్పాడు. ఆ రోజు నుంచి ఆయన పక్క పీటే నాది.

ఆయన ఎప్పుడూ ముప్పై నాలుగో అర వాడేవాడు. వేరేవి ఎన్ని ఖాళీగా ఉన్నా అదే. కూర్చునేటప్పుడు మనవాళ్ళు "అబ్బా" అన్నట్టు అక్కడి పెద్దవాళ్ళు "యొయ్‌షో" అంటారు. ఆయన ఆ మాటను సాగదీసి, చివర కొంచెం గాలి వదిలేవాడు. స్నానమయ్యాక ఇద్దరం బల్ల మీద కూర్చుని చెరో సీసా చల్లటి పాలు తాగేవాళ్ళం. ఒకరోజు నేను గుమ్మంలో బూట్లు తీసి ఎలా పడితే అలా పడేస్తే, ఆయన మెల్లగా వంగి వాటిని బయటి వైపు తిప్పిపెట్టాడు. పోయేటప్పుడు వెతుక్కోకూడదు అన్నాడు.

ఆయనకు నడుము నొప్పి. వంగడం కష్టం. అందుకని తర్వాత్తర్వాత నేనే రెండు బిళ్ళలూ పట్టుకుపోయి, నా అర తెరిచి, ఆయన అర తెరిచి, ఆయన బూట్లు బయటికి తిప్పి కింద పెట్టేవాణ్ని. ఎవరూ చెప్పుకున్నది కాదు. అలవాటైపోయింది.

సెలవు మీద ఇక్కడికి బయల్దేరిన సాయంత్రం... బాగా మంచు పడుతోంది. ఆయన ఇంకా పాలు తాగుతున్నాడు. బల్ల మీది బిళ్ళలు రెండూ తీసుకుని గుమ్మంలోకి వచ్చాను. నా అర తెరిచాను. బూట్లు తొడుక్కున్నాను. అప్పుడే ఫోను. కంపెనీ వ్యాన్ డ్రైవరు, అప్పటికే వచ్చి నిలబడ్డాడట. అక్కడ రెండు నిమిషాలు ఆలస్యమైతే తలెత్తుకోలేం. పరుగెత్తాను.

శంషాబాద్‌లో దిగి పాస్‌పోర్టు లైన్లో నిలబడి, పెన్ను కోసం జాకెట్ లోపలి జేబులో చెయ్యి పెడితే చేతికి చెక్క తగిలింది.

ముప్పై నాలుగు.

లైన్లో అలాగే నిలబడిపోయాను. వెనకాయన "జర ముంగటికి నడువన్నా" అంటే గానీ కదలలేదు. ముసలాయన అక్కడ కూర్చుని ఉంటాడు. నేను బూట్లు తీసి పెట్టి ఉంటానని లేచి వచ్చి ఉంటాడు. బూట్లు లేవు. బిళ్ళ లేదు. బయట మంచు.

ఏదో ఒకటి చేసి ఇల్లు చేరాడా లేదా? అదొక్కటే నాకు కావలసింది. అక్కడ గదిలో నాతో ఉండే ప్రకాశ్‌కు మెసేజ్ పెట్టాను. నేపాల్ అతను. పోయి చూసి వచ్చి, స్నానశాల తలుపు మూసి ఉందని, కొన్ని రోజులు సెలవని కాగితం అంటించారని రాశాడు. కారణం రాయలేదట.

ఆ సంగతి అక్కకు చెప్పాను. సుజాత అక్కది ఎయిర్‌పోర్టు దగ్గర సాతంరాయిలో, హైవేకి రెండు సందుల లోపల ఇల్లు. "గాయిన పేరేంది?" అంది. తెల్వదన్నాను. "రెండేండ్లు పక్కపక్కన కూసోని తానం జేసి పేరడగలేదారా?" అంది. నవ్వుతూనే అంది గానీ... నాకు లోపల ఎక్కడో తగిలింది. నిజంగా అడగలేదు. అక్కడ ఎవరూ అడగరు.

ఇక ఆ రాత్రి. నేను వచ్చిన మూడో రాత్రి.

బావది ఎయిర్‌పోర్టులో కార్గో పని. ఆ వారం రాత్రి డ్యూటీ. తెల్లారి ఆరుకు గానీ రాడు. అక్క లోపలి గదిలో. నేను ముందు గదిలో దివాన్ మీద. ముందు గది బయట చిన్న వరండా, వరండాకు ఇనుప గ్రిల్లు, గ్రిల్లుకు తాళం. చెప్పులన్నీ గ్రిల్లు లోపల, వరండాలో, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అందరిళ్ళలో ఉన్నట్టే.

మెలకువ వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలియదు. ఫోను చూశాను. రెండు ఇరవై.

టప్.

వరండాలో. రబ్బరు చెప్పు గచ్చు మీద పెట్టినట్టు. పడేసినట్టు కాదు... పెట్టినట్టు.

టప్.

పక్కనే రెండోది. తర్వాత సర్ర్‌మని చిన్నగా... జత సరిచేసినట్టు.

బావ వచ్చాడనుకున్నాను. ఒంట్లో బాగాలేక తొందరగా వచ్చాడేమో. బావ వస్తే తలుపు మీద రెండుసార్లు కొట్టి "సుజీ" అంటాడు. ఆ పిలుపు కోసం చూశాను. రాలేదు. గ్రిల్లు తెరిచిన చప్పుడు కూడా నేను వినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ గ్రిల్లు తెరిస్తే సందంతా లేస్తుంది. అంత తుప్పు.

టప్... టప్... సర్ర్.

కుక్కలేమో అనుకున్నాను. కుక్క చెప్పు కరుచుకుపోతుంది, జత కలపదు. పైగా లోపలికి ఎలా వస్తుంది?

అప్పుడే మా ఇంటి మీదుగా విమానం దిగింది. కిటికీ అద్దాలు వణికాయి. ఆ మోతలో ఏమీ వినపడలేదు. విమానం పోయింది. మోత తగ్గింది. పూర్తిగా తగ్గింది...

టప్.

ఆగాడు. వినండి... విమానం పోయేదాకా ఆగాడు. తన చప్పుడు నాకు వినపడాలని ఆగినట్టు.

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. భయం వేస్తే లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి నుంచి ఉంది. వరండాలో ఐదు జతలున్నాయి. అక్కవి రెండు, బావది ఒకటి, నావి రెండు. చివరిగా నా బూట్లు. బరువైనవి. ఆ చప్పుడు వేరుగా ఉంటుంది. దబ్... మెల్లగా... దబ్.

ఐదు జతలు అయిపోయాయి.

ఇక ఏమీ లేదు. అమ్మయ్య అనుకున్నాను.

తలుపుకు అవతల, కింద, మెట్టు మీద ఎవరో కూర్చుంటున్న శబ్దం. బట్ట నలిగిన శబ్దం. మోకాలు విరిచినట్టు చిన్న చిటుకు. ఆ తర్వాత... చాలా నెమ్మదిగా...

"యొయ్‌...షో."

చివర గాలి వదిలాడు.

తలుపు సందులోంచి ఒక వాసన వచ్చింది. మా ఇంట్లో లేని వాసన. వేడినీళ్ళు, తడిసిన చెక్క, ఆ స్నానశాల సబ్బు. రెండేళ్ళు పీల్చిన వాసన, నేను పొరబడను. జాకెట్ తల దగ్గరే ఉంది. జేబులోంచి బిళ్ళ తీసి పిడికిట్లో పట్టుకున్నాను. ఎందుకో తెలియదు. ఇచ్చేయాలనా? దాచాలనా?

అవతల ఏ చప్పుడూ లేదు. కానీ ఎవరూ లేని చోట ఉండే నిశ్శబ్దం అది కాదు. ఎవరో ఎదురుచూస్తున్నప్పుడు ఉండేది. మీకూ తెలుసు అది.

జపనీస్‌లో క్షమించండి అన్నాను. పెదవులు కదిలాయో, గొంతు వచ్చిందో చెప్పలేను. జవాబు రాలేదు. లేచి మూడడుగులు వేసి గడియ తీస్తే సరిపోయేది. మూడే అడుగులు. నేను దుప్పటి తల మీదికి లాక్కున్నాను.

ఎప్పుడు తెల్లారిందో తెలియదు. గ్రిల్లు కిర్రుమంది. తలుపు మీద రెండుసార్లు కొట్టి "సుజీ" అన్నాడు బావ. నేనే తీశాను. బావ లోపలికి రాలేదు. వరండాలో నిలబడి కిందికి చూస్తున్నాడు.

"బామ్మర్దీ, గివి నువ్వే సర్దినవా?"

"తాళం ఉండెనా బావా?"

"తాళం నేనే తీసిన గద. నేనడిగింది చెప్పు."

నేను చూశాను. ఐదు జతలూ ఒకే వరస. గీత గీసినట్టు. ముందు భాగాలన్నీ బయటి వైపు. మధ్యలో... ఒక్క జతకు సరిపోయేంత ఖాళీ.

"అన్ని బయటి దిక్కే చూస్తున్నయి రా," అన్నాడు బావ. గొంతు తగ్గించి అన్నాడు. "ఇంట్ల ఉన్నోళ్ళందరు ఎటో పోనీకి తయారున్నట్టు."

అక్క వచ్చి చూసి, జపాన్‌లో ఇదే నేర్పారా నీకు అని నన్ను ఆటపట్టించి, వాటిని కాలితో పక్కకు నెట్టి వరండా కడిగేసింది. నా పిడికిలి అప్పుడు విప్పి చూసుకున్నాను. బిళ్ళ అచ్చు అరచేతిలో పడింది. బిళ్ళ తడిగా ఉంది. చెమటే కావచ్చు.

నేను కారణాలు వెతుక్కున్నాను. నిద్రలో లేచి నేనే సర్దానేమో. మనసులో తప్పు చేశానన్న బాధ ఉంటే నిద్రలో మనిషి చాలా చేస్తాడని చదివాను. కొత్త చోట పడుకుంటే మెదడు సగం మేలుకునే ఉంటుందని కూడా చదివాను. సరే. అది నేనే అనుకుందాం. మరి ఆ చప్పుళ్ళను దివాన్ మీద పడుకుని విన్నది ఎవరు?

నిన్న ప్రకాశ్ ఫోను చేశాడు. స్నానశాల తెరిచారట. బాయిలర్ మరమ్మతుకు మూశారట, అంతే. గుండె తేలికపడింది. ఆయన వస్తున్నాడా అని అడిగాను. స్నానశాల యజమానురాలు చెప్పిందంతా ప్రకాశ్ చెప్పాడు.

ఆ సాయంత్రం ఆయన గుమ్మంలో అరుగు మీద కూర్చున్నాడట. బిళ్ళ లేదంటే ఆమె తన దగ్గరున్న రెండో తాళంతో తెరుస్తానంది. వద్దన్నాడట. ఆ అబ్బాయి వస్తాడు, అతనే తీసి పెడతాడు అన్నాడట. స్లిప్పర్లు ఇస్తానంది. వద్దన్నాడు. మూసే వేళ దాకా అలాగే కూర్చున్నాడు. ఆమె బాయిలర్ ఆర్పడానికి వెనక్కి పోయి వచ్చేసరికి లేడు. స్లిప్పర్లు లెక్క సరిపోయాయి, ఒక్క జతా తగ్గలేదు. ఆ రోజు నుంచి రాలేదు. ఆయన ఇల్లు ఎక్కడో ఆమెకూ తెలియదు. ప్రకాశ్ ముందే ముప్పై నాలుగో అర తెరిచి చూపించి, మళ్ళీ మూసేసిందట. అతను పంపిన ఫొటో నా ఫోనులో ఉంది. నల్ల బూట్లు. ఒక బూటులో మడిచిపెట్టిన మేజోళ్ళు.

ఎవరైనా తెలిసినవాళ్ళు కారులో దించి ఉండవచ్చు. జలుబు చేసి ఇంట్లో పడుకుని ఉండవచ్చు. ఊరు మారి ఉండవచ్చు. ఇవన్నీ నాకు నేనే చెప్పుకుంటున్నాను.

రాత్రి అన్నం దగ్గర అక్కకు అంతా చెప్పాను. ఈసారి నవ్వలేదు. ఇలా అంది.

"గాయిననే అనుకో. గంత దూరం నుంచి నీకోసమే వచ్చిండు. నువ్వు తలుపు తియ్యకపోతివి."

"తీస్తే ఏమయ్యేది అక్కా?"

అక్క నా కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టింది.

అదే నాకు తెలియడం లేదు. వచ్చింది ఆయనో కాదో తెలియదు. ఆయన బతికే ఉన్నాడో లేదో తెలియదు. జపాన్‌లో దిగగానే గదికి కూడా పోకుండా ముందు స్నానశాలకే పోతాను. బిళ్ళ దూరుస్తాను. బూట్లు తీస్తాను. బయటి వైపు తిప్పి కింద పెడతాను.

ఆ తర్వాత... ఎంతసేపు అక్కడ నిలబడాలో నాకు తెలియదు.