లూర్దెస్ పెంచిన బాక్టీరియా

లగూనా సరస్సు ఒడ్డున ఉన్న నీళ్ళ పరీక్షగదిలో లూర్దెస్‌ది ఇరవై రెండేళ్ళ కొలువు. రోజూ పొద్దున్నే వెదురు వంతెన చివర మోకాళ్ళ మీద కూర్చుని సీసా ముంచుతుంది, ఆ నీళ్ళను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. సరస్సులోని బాక్టీరియాను గాజుపళ్ళేల్లో పెంచీ పెంచీ, చేపల్ని చంపే పచ్చనాచు విషాన్ని విరిచేసే రకాన్ని ఒకదాన్ని వేరు చేసింది. సరస్సులో వలలతో కంచెలు కట్టి చేపలు పెంచే ఇస్కో దాని మీదే ఆశ పెట్టుకున్నాడు. మొన్న ఈ ఏడాది నాచునీళ్ళను ఆ బాక్టీరియా మీద చుక్కలుగా వేసింది. ఇవాళ తీసి చూస్తే ప్రతి చుక్క చుట్టూ పళ్ళెం బోడిగా మెరుస్తోంది. లూర్దెస్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. అక్కడ ఒక్కటీ బతకలేదు.

"ఏమక్కా, నీ పురుగులు విషాన్ని తిన్నాయా?" గుమ్మంలోంచే అడిగాడు ఇస్కో.

"లేదురా తమ్ముడూ. విషమే వాటిని తినేసింది. ఇంకో రకం నా దగ్గర లేదు. ఈ ఏడు చేపపిల్లల్ని వదలకు."

ఇస్కో నవ్వబోయి ఆగిపోయాడు.

"ఈసారి పనిచేస్తుందని నువ్వే అన్నావుగా అక్కా. నిన్ననే వదిలేశాను."